చర్చి హాల్లో జోడు ఇన్వర్టర్లు

రాజాంలో ఇన్వర్టర్ల షాపు పెట్టిన కొత్తలో నాకు పొగరు కాస్త ఎక్కువే. ఎందుకుండదు? పక్క ఊరి చర్చి హాలుకి ఒక ఇన్వర్టర్ చాలకపోతే, రెండింటిని జతకట్టి ఒకే బ్యాటరీల మీద నడిపించింది నేనే.

ఓ మధ్యాహ్నం అక్కడి పాస్టరు గారు ఫోన్ చేశారు. "యేగిరం రా బాబూ! కరెంటున్నాది, ఫేన్లు తిరుగుతన్నాయి, అయినా నీ మిసన్లు కూతలు పెడతన్నాయి."

హాల్లో ఫ్రీజర్ బాక్సులో ఒక పెద్దావిడ శవం ఉంది. కూతురు సూరత్ నుంచి రైల్లో వస్తోంది, తెల్లారితే గానీ దిగదు. అమ్మ ముఖం చూడకుండా తీసుకెళ్లొద్దని ఫోన్‌లో ఒకటే ఏడుపట. బాక్సు ఆగితే అంతసేపు ఉంచలేరు.

అరగంటలో బండి మీద వాలాను. "సవక సరుకు తగిలించాడు" అన్నాడు ఒకాయన. నాకు ఒళ్లు మండిపోయింది.

"నా సరుకుకేటి మావా? నువ్వు పక్కకి జరుగు ముందు" అన్నాను.

బ్యాటరీలు సగానికి పైగా దిగిపోయాయి. మెయిన్ బోర్డులో కరెంటు నిక్షేపంగా ఉంది. అంతే, నాకు విషయం తెలిసిపోయింది. ఇవి జోడెడ్ల లాంటివి, ఒకదానికి మేత అందకపోతే రెండోదీ ముట్టదు. రెండింటికీ బయటి కరెంటు లైను వస్తేనే తీసుకుంటాయి, లేదంటే రెండూ బ్యాటరీనే పీలుస్తాయి, అది అయిపోతే బాక్సూ ఆగిపోతుంది. మీటరు పెట్టాను. మొదటిదానికి లైను ఉంది, రెండోదానికి సున్నా. దాని స్విచ్ దించేసి ఉంది. వైర్లలో షార్టేమీ లేదు. ఎవరో చేత్తో దించిందే.

"ఏ ఎదవరా ఈ స్విచ్ ముట్టుకున్నాడు?" హాలు దద్దరిల్లేలా అరిచాను.

బాక్సు పక్కన నేల మీద కూర్చున్న ముసలాయన మెల్లగా లేచాడు. పోయినావిడ భర్త.

"నేనే బాబూ. తలకాడ గుయ్యిమని ఒకటే రొద. మా ఆడదానికి సప్పుడైతే నిద్దర పట్టదు."

నా తల తీసేసినట్టయింది. ఛార్జింగ్ ఎక్కేటప్పుడు మిషన్లో ఫ్యాను రొద పెడుతుంది. నేను దాన్ని బిగించిన గోడ సరిగ్గా ఆవిడ తలవైపే ఉంది.

"తాతా, ఇది ఆపితే మీ అమ్మాయి వచ్చీదాకా బాక్సు సల్లగుండదు" అన్నాను, గొంతు తగ్గించి.

ఆయన బాక్సు వైపు తిరిగి చూశాడు. "అయితే ఎయ్యి బాబూ."

స్విచ్ ఎత్తాను. రెండు మిషన్లూ లైను అందుకున్నాయి. ఫ్యాను రొద మళ్లీ మొదలైంది. ఆయన బాక్సు అద్దం మీద చెయ్యి పెట్టి వంగాడు.

"ఈ ఒక్క రాత్రీ ఓర్సుకోవే. పిల్ల వస్తన్నాది."