పెరట్లో పెట్టిన కచేరీ

పర్లాకిమిడిలో పరీక్ష గట్టెక్కి ఇంటికొచ్చిన రోజు మా నాన్న కొబ్బరి తోటలోంచి పరుగున వచ్చి, ఇక రేపో మాపో కొలువు వచ్చేసినట్టే అని వీధిలో అందరికీ చెప్పేశాడు. ఆయన తప్పేమీ లేదు. సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఉద్దానం ఊళ్ళో ఇంగ్లీషు చదివినవాళ్ళం ఇద్దరమే. ఒకడిని నేను, రెండోవాడు మా బావ. బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే ఏడాది పెద్ద. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ పక్కపక్కనే, పెరడు మాత్రం ఒక్కటే.

కొలువుకు వెళ్ళాలంటే కోటు ఉండాలన్నారు. టెక్కలిలో ఒక దర్జీ చేత కుట్టించారు. ఇద్దరికీ చెరొకటి కుట్టించే స్తోమత లేక ఒకటే కుట్టించారు. బావ తాడిలా పొడుగు, నేను పొట్టి. దర్జీ ఇద్దరినీ నిలబెట్టి చూసి, తల గోక్కుని, మధ్యస్థంగా కత్తిరించాడు. దాంతో ఆ కోటు ఇద్దరికీ సరిపోలేదు. బావకు మణికట్లు బయట పడేవి, నాకు వేళ్ళు లోపల దాక్కునేవి.

మొదటి ప్రయత్నం నాదే. రైలు మా వైపు వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. పలాస స్టేషను దగ్గర కొబ్బరికాయలు బళ్ళలో తెప్పించి రైలుకెక్కించే వర్తకుడు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర ఇంగ్లీషు ఉత్తరాలు రాసే మనిషి కావాలని తెలిసి, కోటు తొడుక్కుని వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకున్న మేనేజరు నన్ను కూర్చోబెట్టి ఇంగ్లీషులో నీ చదువెంత అని అడిగాడు. "యస్ సార్" అన్నాను. ఎక్కడ చదివావన్నాడు. "యస్ సార్" అన్నాను. అన్ని జవాబులూ నాలుక చివరే ఉన్నాయి, నాలుక మాత్రం అంగిలికి అంటుకుపోయింది. పాపం ఆయన మంచివాడు. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చి, తాగాక, "వెళ్తావా బాబూ?" అని తెలుగులో అడిగాడు. అప్పుడు కూడా "యస్ సార్" అన్నాను. ఆ మాటకైతే సరైన జవాబే.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. నాన్న తోటలోకి వెళ్ళిపోయాడు. అమ్మ రాగులతో కాచిన చోడి అంబలి చేతికిచ్చి పక్కకు తిరిగింది. మా అత్త మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓలమ్మో! అన్నిటికీ అదే మాటేటి అల్లుడా?"

"గొంతు రాలేదత్తా."

"గొంతు రానేదా? అయితే ఒచ్చీదాకా నానడుగుతాను. రేపు మద్దేనం పెరట్లోకి రండి ఇద్దరూ."

మర్నాడు మధ్యాహ్నం అత్త రమ్మన్నట్టే పెరట్లోకి వెళ్ళి ఆగిపోయాను. పనస చెట్టు కింద రోలు బోర్లించి, దానిమీద అత్త కాలు మీద కాలేసుకుని కూర్చుంది. నెత్తిన మావయ్య తలపాగా. ముక్కు కింద కొబ్బరి పీచుతో గుబురు మీసం. చేతిలో మట్ట కర్ర. ఆ వేళకు మా వీధి ఆడవాళ్ళంతా అక్కడ చేరి కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుకోవడం రోజూ ఉన్నదే. వాళ్ళు తాళ్ళు వదిలేసి నవ్వుతున్నారు.

"ఏటలగ నిలబడిపోనావు? దొర కచేరీకి ఒచ్చినోడు దండం పెట్టడేటి?" అని గద్దించింది అత్త.

దండం పెట్టాను.

"నీకేటొచ్చు?"

"ఇంగ్లీషు వచ్చండి."

"అయితే ఇంగిలీసులోనే సెప్పు."

చెప్పాను. మొదటి మాట తడబడింది గాని రెండోది సర్దుకుంది. కొబ్బరి పీచు మీసాన్ని చూస్తూ భయపడటం ఎవరి వల్లా కాదు. నేను ముగించగానే ఒక ముసలమ్మ చేతిలో తాడు కింద పెట్టి, "మాకేటి తెలిసింది? మాకూ తెలిసీలాగ సెప్పాల" అంది. ఆమె మాట మా కచేరీకి చట్టమైపోయింది. ప్రశ్న దొర తెలుగులో అడగాలి, జవాబు మేము ఇంగ్లీషులో చెప్పాలి, ఆపైన అదే మాట తాళ్ళు పేనేవాళ్ళకు అర్థమయ్యేలా తెలుగులో విడమర్చాలి. వాళ్ళు తల ఊపితేనే దొర ఒప్పుకుంటుంది.

బావకు చేతిపని మీద ప్రాణం. కొబ్బరాకుతో దొరకు టోపీ అల్లాడు, తర్వాత కళ్ళజోడు, గడియారం, ఆఖరికి పనస కొమ్మకు వేలాడే పంకా కూడా తయారు చేశాడు. నా వంతు మాటలు. ఏ ఊరు వెళ్ళి కొలువు దొరక్క తిరిగొచ్చినా, ఆ తిరిగొచ్చిన కథనే ఓ చిన్న ఆటగా అల్లేవాణ్ణి. ఇచ్ఛాపురంలో బట్టల వర్తకుడొకాయన లెక్కలు రాసేవాడు కావాలంటే బావ వెళ్ళాడు. ఆయన ఒడియాలో అడగడం, బావ తెలుగులో చెప్పడం, ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అందక ఒకరినొకరు పొగుడుకుంటున్నామనుకుని విడిపోవడం, ఆ వారం మా పెరట్లో ఆడించాం. సరిహద్దు నుంచి మా వీధికి కోడలుగా వచ్చిన ఒకామె దొర పక్కన కూర్చుని అసలు ఒడియా మాటలు అందించింది. అలా మాకు కాస్త ఒడియా కూడా పట్టుబడింది.

తాళ్ళు పేనేవాళ్ళ చేతులకు లయ కావాలని ఒక పాట కూడా కట్టాను.

"దొరగారూ దొరగారూ కొలువేదండీ?
కొబ్బరాకు గొడుగిత్తాం, నీడకు రండీ!"

మొదటి పాదం మేం ఇద్దరం పాడితే రెండోది ఆడవాళ్ళంతా అందుకునేవారు. రోజుకో కొత్త చరణం వాళ్ళే చేర్చేవారు. కొన్ని చరణాలు కాగితం మీద పెట్టగలిగినవి కావు.

ఇదంతా చూసి నాన్నకు మాత్రం ఒళ్ళు మండేది. ఓ సాయంత్రం అన్నం దగ్గర పేలాడు.

"ఉజ్జోగం ఎతకమంటే బాగోతం ఆడతన్నారేటి? ఊరు నవ్వతంది."

"ఊరు నవ్వితే మనకేటి నట్టమన్నా? ఏడిత్తే నట్టం గాని" అంది అత్త గోడ అవతలి నుంచి.

నాన్న పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. ఆయన అన్న మాట నాకు గుచ్చుకుంది. నిజానికి నాలోనూ ఆ అనుమానం ఉంది. మర్నాడు పొద్దున్నే సముద్రం ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నాను. చదువుకున్నవాణ్ణి, పెరట్లో ఆడవాళ్ళ ముందు ఆటలాడుతున్నాను, ఇది ఎక్కడికి పోయేది అనిపించింది. బావ వెతుక్కుంటూ వచ్చి పక్కన కూలబడ్డాడు. ఓదారుస్తాడనుకున్నాను. వాడు మాత్రం, "ఒరే, ఈరోజు కతలో దొరకి గుర్రం పెడదామా? మట్టలతోటి సేసెయ్యొచ్చు. నాలుగు కాళ్ళూ నిలబడతాయా అన్నదే నాకు తెల్డం నేదు" అన్నాడు. గుర్రం కాళ్ళ గురించి ఇసకలో గీతలు గీసుకుంటూ ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే ఉండిపోయాం. లేచేసరికి నా బరువు ఎటు పోయిందో పోయింది.

ఆ మధ్యాహ్నం గుర్రం రెండు కాళ్ళ మీదే నిలబడింది. అత్త దానిమీద చెయ్యేసి, మీసం దువ్వి, "తరవాత ఎవుడూ?" అంది. పిలవాల్సిన బంట్రోతు వేషం బావది. వాడు గుర్రాన్ని పట్టుకుని ఉన్నాడు, వదిలితే అది పడిపోతుంది. పిలిచేందుకు ఇంకెవరూ లేరు. అప్పుడు దడి అవతలి నుంచి గట్టిగా వినిపించింది.

"అయ్యా! తరవాత మడిసి రావాలహో!"

నాన్న! కొబ్బరికాయల గంప భుజాన పెట్టుకుని దడి పక్కన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. అందరూ తన వైపు తిరిగేసరికి సిగ్గుపడి, "ఏటి సూత్తన్నారు? కచేరీ అన్నాక పిలిసీవోడు ఉండాల గదా" అన్నాడు. గంప దించి లోపలికొచ్చి గుమ్మం పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఆ రోజు నుంచి మా కచేరీకి ఆయనే బంట్రోతు. అంత గొప్ప బంట్రోతు అసలు కచేరీల్లో కూడా నాకు కనిపించలేదు. అమ్మ వంటింటి గడపలో నిలబడి కొంగుతో నోరు మూసుకుని నవ్వడం నాకు బాగా గుర్తు.

వానలు వెనకబట్టాక టెక్కలి నుంచి ఇద్దరికీ ఒకేరోజు పిలుపు వచ్చింది. ఒక సర్కారు కచేరీలో గుమస్తా ఖాళీ ఉంది. చీకటితో బండి కట్టించుకుని బయల్దేరాం. దారిపొడుగునా వరిచేలు పొట్టమీద ఉన్నాయి. బావ పాట ఎత్తుకుంటే బండివాడు కూడా రెండో పాదం అందుకున్నాడు. ఆ పాట మా ఊరు దాటి ఎప్పుడు వెళ్ళిందో మాకే తెలియదు.

ముందు బావ కోటు తొడుక్కుని లోపలికి వెళ్ళాడు. వచ్చి వరండా చివర కోటు విప్పి నాకిచ్చాడు. గబగబా తొడుక్కుని వెళ్ళాను. అధికారి గోదావరి వైపు మనిషి, నడివయసు. నన్ను ఎగాదిగా చూసి, నా కోటు జేబు దగ్గర చూపు ఆపాడు. కోటు ఎడమ జేబు చిరిగితే మా అమ్మ ఇంట్లో ఉన్న ఎర్రదారంతో కుట్టింది.

"ఈ కోటు ఇప్పుడే బయటికి వెళ్ళిందే?" అన్నాడు.

ఒకప్పుడైతే "యస్ సార్" అనేవాణ్ణే. "వెళ్ళిందండీ, మళ్ళీ వచ్చింది. మా ఊళ్ళో కొలువు కావలసినవాళ్ళం ఇద్దరం ఉన్నాం గాని కోటు ఒకటే ఉంది" అన్నాను.

ఆయన కలం కింద పెట్టేశాడు. ముందు పెదవులు బిగబట్టాడు గాని ఆగలేక పెద్దగా నవ్వేశాడు. పరీక్ష అయిన దగ్గర్నుంచి ఏం చేస్తున్నావని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. రోలూ, మీసమూ, తాళ్ళు పేనే ఆడవాళ్ళ చట్టమూ, గుర్రం కాళ్ళూ, అన్నీ. ఆయన బావను మళ్ళీ లోపలికి పిలిపించి, "ఏదీ, మీ దొరను ఒకసారి చూపించండి" అన్నాడు. బావ ఒక్కసారి నా వైపు చూసి, కాలు మీద కాలేసుకుని కూర్చుని, అచ్చం అత్త గొంతుతో "నీకేటొచ్చు?" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పి, తర్వాత తాళ్ళు పేనే ముసలమ్మకు చెప్పినట్టు తెలుగులో విడమర్చాను. పక్క గదిలోని గుమస్తాలు గుమ్మం దగ్గర గుమిగూడారు. వాళ్ళ బంట్రోతు అందరికంటే ముందున్నాడు.

నవ్వులు తగ్గాక ఆయన ఇద్దరి చేతా చెరో పేజీ రాయించి చూశాడు. గుమస్తా పని బావకు వచ్చింది. వాడి దస్తూరీ ముత్యాలు పేర్చినట్టు ఉంటుంది, అందులో అన్యాయమేమీ లేదు. నేను మనస్ఫూర్తిగానే వాడి భుజం తట్టి వెనక్కి తిరిగాను.

"నువ్వు ఆగవయ్యా" అన్నాడాయన. "పిల్లల బడుల సంగతి కూడా నేనే చూస్తున్నాను. మీ ఉద్దానం తీరంలో వలలు వేసుకునేవాళ్ళ పేటలో బడికని పాక వేయించి ఏడాదైంది. పంతుళ్ళు వెళ్తారు, ఇసకా గాలీ చూసి తిరిగొచ్చేస్తారు. తాళ్ళు పేనేవాళ్ళకు ఇంగ్లీషు చెప్పినవాడివి, నువ్వు వెళ్తావా?"

పంతులు పని అంతవరకు నా మనసులోకి కూడా రాలేదు. అడిగిన తర్వాత మాత్రం, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదా అనిపించింది. వెళ్తానండీ అన్నాను.

ఇంటికొచ్చి చెబితే అత్త మొదట అడిగింది ఒకటే. "ఆ దొరకి మీసముందా?"

"లేదత్తా."

"మీసం నేకండా ఏటి దొరరా!" అని పెదవి విరిచి, ఆపైన మా ఇద్దరినీ దగ్గరకు లాక్కుని ఏడ్చేసింది. నాన్న తోటలోకెళ్ళి లేత కాయలు దింపించి వీధంతా పంచాడు.

పేటలో మొదటి రోజు బడికి ఎవరూ రాలేదు. పాకలో ఒంటరిగా కాసేపు కూర్చుని, బయట ఏదో కోలాహలం వినిపిస్తే ఒడ్డుకు వెళ్ళాను. పేటంతా అక్కడే ఉంది. పిల్లలూ పెద్దలూ కలిసి వల లాగుతున్నారు. నేనూ పంచె ఎగగట్టి తాడు పట్టుకున్నాను. ఒకామె నా వైపు విచిత్రంగా చూసి, "ఎవులు బావూ నువ్వు?" అంది.

"కొత్త పంతుల్ని."

"పంతులువా! అయితే బాగా లాగాల" అంది, నవ్వుతూ పక్కకు జరిగి చోటిచ్చింది.

వల ఒడ్డుకు చేరాక తడి ఇసకలో వేలితో చేప బొమ్మ గీసి, పక్కన 'చేప' అని రాశాను. పిల్లలు చుట్టూ మూగారు. పడవ రాశాను, వల రాశాను. తాము చెప్పిన మాటలన్నీ ఇసకలోకి దిగుతుంటే వాళ్ళకు సరదా పుట్టింది. అల వచ్చి తుడిచేస్తే కేరింతలు కొడుతూ మళ్ళీ రాసేవారు. ఒకమ్మాయి అలకంటే ముందే నేను రాసి చూపించిన తన పేరు పూర్తి చెయ్యాలని పంతం పట్టింది. ఎండ ఎక్కాక ఇందాకటి ఆమె తాటాకులో కాల్చిన చేపలు తెచ్చి మా అందరి మధ్యా పెట్టింది. ఆ రోజుకు ఇక పాకలోకి ఎవరం వెళ్ళలేదు. పడవ అంచున వరసగా కూర్చుని, వేళ్ళు కాల్చుకుంటూ తిన్నాం.