జీపు నడుముకు ముడుపు

నా చిన్నప్పుడు, గిద్దలూరులో మా ఇంటికి జీపు వచ్చిన ఏడు, మా అవ్వ ఒక మొక్కు మొక్కింది. ఆ మొక్కు వల్లనే ఒకరోజు మేమంతా నల్లమల ఘాట్‌లో ఎటూ కదల్లేక ఇరుక్కుపోయాం.

జీపు మా చిన్నాయనది. బాడుగలకు తిప్పుకుందామని కొన్నాడు. ఆ నెల్లోనే చిన్నమ్మకు మళ్ళీ నెల తప్పింది. అంతకుముందు ఒక బిడ్డ పుట్టి పురిట్లోనే పోయింది. ఆ దిగులుతో ఆమె చాలాకాలం మనిషి కాలేదు. అందుకని అవ్వ పసుపు గుడ్డలో ఇన్ని బియ్యం, ఒక వక్క మూటగట్టి, అడవిలో ఉన్న రంగస్వామికి మొక్కుకుంది. ఈసారి తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరితే, ఇదే జీపులో నీ కొండకు తీసుకొచ్చి నీ ఎదుటే ఈ ముడి విప్పుతాను స్వామీ అని.

ముడుపును ఎవరైనా దేవుడి గూట్లో పెడతారు. మా అవ్వ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. రేపు చిన్నమ్మను మోసేది జీపు గనక జీపుకే కట్టాలంది. ముందర అద్దానికి కడితే పదిమంది చేతులూ పడతాయంది. చివరికి చిన్నాయన బండి కిందికి దూరి, వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి ఉండే ఇనప పెట్టె చుట్టూ ఆ గుడ్డను మొలతాడులా తిప్పి కట్టాడు. అవ్వ వంగి చూసి, ముడి గట్టిగా పడిందో లేదో రెండుసార్లు అడిగింది.

ఆ పెట్టెను డిఫరెన్షియల్ అంటారు. మా వైపు డ్రైవర్లు క్రౌన్ అంటారు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు పంచే పళ్ళచక్రాలు అందులో నూనెలో మునిగి తిరుగుతుంటాయి. కొత్త బండికి ఆ నూనెను తొందరగా మార్చాలి. కొత్త పళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఇనుప రజను రాలుతుంది, అది నూనెలోనే తిరుగుతూ మిగతా పళ్ళను కూడా కొరికేస్తుంది. ఆ తర్వాత కూడా వేళ తప్పకుండా మారుస్తూ ఉండాలి. ఇదంతా చిన్నాయనకు బాగా తెలుసు. అయితే నూనె దించే బిరడా సరిగ్గా ఆ పసుపు గుడ్డ కిందే ఉంది.

"కొత్త రోట్లో మొదట రుబ్బిన పిండి తింటామామ్మా? రాతిపొడి ఉంటాదని పారబోస్తాం గదా. ఇదీ అట్లనే. ఒక్క గడియ విప్పి, మళ్ళ నేనే కడతా" అని బతిమాలాడు.

"రోలు సంగతి నాకు చెప్తావేందిరా? స్వామి ముందర విప్పుతానని నోరారా మొక్కినాను. నడిమధ్యలో విప్పితే ఆ కడుపుకు ఏమన్నా అయితే?" అంది అవ్వ.

ఆ మాటకు చిన్నాయన చేతిలోని పానా తీసుకుపోయి పెట్టెలో పడేశాడు. ఒక బిడ్డను తన చేతులతో మట్టిలో పెట్టిన మనిషి అతను. నూనె మారలేదు. కొన్నాళ్ళకు జీపు వెనక నుంచి సన్నగా ఒక ఏడుపు మొదలైంది, కుక్కపిల్ల మూలిగినట్టు. పోనుపోనూ అది పెద్దదయింది. బాడుగకొచ్చినవాళ్ళు అదేంది అని అడిగితే చిన్నాయన ఏదో ఒకటి చెప్పి నవ్వేసేవాడు. ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు గనక.

చిన్నమ్మ పుట్టిల్లు నంద్యాల. కాన్పుకు ఇంకా టైముందని, ఒక మంచిరోజు చూసి ఆమెను అక్కడికి దిగబెట్టడానికి బయల్దేరాం. చిన్నాయన, అవ్వ, దారిలో మంచినీళ్ళు అందించడానికి నేను. దిగువమెట్ట దాటి ఘాట్ ఎక్కుతుండగా చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. నొప్పులు మొదలయ్యాయి. చిన్నాయన బండిని ఇంకాస్త తొందర పెట్టాడు. మలుపులో వెనక నుంచి టక్కుమని ఒక చప్పుడు వచ్చి, జీపు ఒక్క కుదుపుతో రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. వెనక చక్రాలు రెండూ బిగుసుకున్నాయి.

తోస్తే కదిలే బండి కాదది. ఒకవైపు కొండ గోడ, ఇంకోవైపు లోయ. ఎదురుగా నంద్యాల నుంచి వచ్చిన లారీ ఒకటి ఆగింది, ఆ ఇరుకులో దాన్ని వెనక్కి తిప్పే చోటు లేదు. మా వెనక మార్కాపురం పలకల లోడుతో నంద్యాల పోతున్న లారీ ఆగింది, మేం పక్కకు తొలగితే గాని దానికి దారి లేదు. ఆకు కదలని ఎండ. చిన్నమ్మ పళ్ళ బిగువున మూలుగుతోంది. ఇక్కడే ఏదో అయిపోతుందని, మమ్మల్ని ఈ అడవి బయటికి పోనివ్వదని నాకు ఏడుపొచ్చింది.

పలకల లారీ డ్రైవర్ పెద్దవాడు, తెల్లగడ్డం సాయిబు. చక్రం దగ్గర చెవి పెట్టి విన్నాడు. లోపల పన్ను విరిగి ఇరుక్కుంది, బిరడా తీసి నూనె వదిలితే ముక్కలు జారతాయి, చక్రాలను ముందుకూ వెనక్కూ ఊపితే వదలొచ్చు, బండిని పక్కకు నెడితే నీ బిడ్డను నా లారీలో తీసుకుపోతానమ్మా అన్నాడు. చిన్నాయన పానా పట్టుకుని కిందికి దూరి, ఖాళీ చేతులతో బయటికొచ్చాడు. "ముడుపుంది భాయ్" అన్నాడు. సాయిబు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎదురు లారీ వాళ్ళు కూడా చెప్పులు విడిచి దూరం జరిగారు. ఇంకొకరి మొక్కును ముట్టే ధైర్యం ఎవరికీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ చిన్నమ్మ వైపు చూసింది. తర్వాత ఎదురు లారీలో వెదుర్లు కొట్టేవాళ్ళను అడిగి కొడవలి తీసుకుంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, కాగుతున్న తారు మీద వెల్లకిలా పడుకుని, జీపు కిందికి జరిగింది. నాకు ఆమె పాదాలు మాత్రమే బయటికి కనిపించాయి. లోపల నుంచి మాట మాత్రం గట్టిగానే వినిపించింది.

"స్వామీ, మాట తప్పుతున్నది నేను. కోపమొస్తే నన్ను తీసుకో. ఆ పిల్ల జోలికి మాత్రం పోవద్దు."

గుడ్డ తెగింది. చిన్నాయన బిరడా తీశాడు. నల్లటి చిక్కటి నూనె, దాని నిండా మెరిసే రజను, చివరికి వేలి కొసంత ఇనుప పన్ను ముక్క. నలుగురూ పట్టి ఊపితే చక్రాలు కిర్రుమంటూ వదిలాయి. జీపును కొండ గోడకు ఆనించి పెట్టారు. లారీ ముందు సీట్లో చిన్నమ్మను ఎక్కించి, ఆమె తలను అవ్వ ఒళ్ళో పెట్టుకుంది. ఆ సాయిబు ఒక్క గుంటలో కూడా బండిని ఎత్తెయ్యకుండా తోలాడు.

ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. లోపల నుంచి ఏడుపు వినిపించేదాకా అవ్వ గోడకానుకుని నిలబడే ఉంది. ఏడుపు వినగానే నేలమీద కూలబడి, నూనె మరకల చేతులతో నా మొహం పట్టుకుని తానూ ఏడ్చింది.

"మొక్కు స్వామిది, మొండితనం నాది. రెండూ కలిపి ఒకే ముడి ఏసినా. పిల్లను సంపుకునేదాన్నే గదే" అంది.

తర్వాత జీపు బాగుపడింది. తల్లీబిడ్డలను తీసుకుని కొండకు పోయి, తెగిన గుడ్డనే స్వామి ముందు పెట్టి వచ్చింది మా అవ్వ. అప్పటి నుంచి క్రౌన్ ఆయిల్ మార్చే రోజు చిన్నాయన కంటే ఆమెకే ముందు గుర్తొచ్చేది.

మొన్న మా అబ్బాయి పెద్ద బండి కొన్నాడు. నెల తిరక్కముందే ఆ నూనె మార్పించమంటే, ఇప్పుడే ఎందుకవ్వా అని షెడ్డులో పిల్లలు నన్ను చూసి నవ్వారు. నవ్వనీ. కుర్చీ వేయించుకుని కూచుని, నూనె దిగేదాకా చూసే వచ్చాను. ఆ రోజు పుట్టిన మా చెల్లెలికి ఇప్పుడు మనవరాలు కూడా ఉంది. చెల్లెలు కూడా ఊరికి పోయేముందు, అక్కా, ఆయిల్ మార్పించినావా అని అడిగే బండి ఎక్కుతుంది.

ఇంట్లో ఏదో ఒక విషయంలో, నేనన్నాను గనక అంతే అని బిగుసుకుని కూచునే బుద్ధి నాకూ ఉంది, అవ్వ రక్తం కదా. అప్పుడు నన్ను నేనే అడుగుతాను, ఇది మొక్కా, మొండితనమా అని. మొండితనమని తేలిందంటే, ఎవరో నొప్పులు పడేదాకా మాత్రం ఆగను.