గాలి సొరంగం మీది పేరు

మా పారాచూట్ గదిలో అందరికీ ఆమె అక్కే. వయసులో నాకంటే పెద్దది, పనిలో ఇంకా పెద్దది. గోళ్లు మొదలంటా కత్తిరించుకునేది, వేలికి ఉంగరమైనా పెట్టేది కాదు. ఆ పల్చటి గుడ్డకు చిన్న గీరు పడినా పైలట్ ప్రాణం మీదికి వస్తుంది మరి. పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, తాళ్లు చిక్కు లేకుండా సవరించి, మడత మీద మడత వేసి, సంచిలో సర్ది సీలు వేసేదాకా నోరు విప్పేది కాదు. నేనేమో వాగుతూనే మడుస్తాను. "నీ నోటికి కూడా ఓ సీలు వెయ్యాలే" అనేది.

అక్క తమ్ముడు మా విమాన పరిశోధన కేంద్రంలోనే టెస్ట్ పైలట్. అంతవరకూ ఎవరూ నడపని కొత్త విమానాన్ని ఎగరేసి చూడటం అతని పని. తల్లి పోయాక అతన్ని చంకనెత్తుకుని పెంచింది అక్కే. అందుకే అతని పారాచూట్ మాత్రం ఆమె ముట్టుకోదు. సొంతవాళ్లది సొంత చేత్తో మడవకూడదన్నది మా గది కట్టుబాటు. ప్రేమ ఎక్కువైతే చేతికి అనుమానం పుడుతుంది, మడిచింది విప్పి మళ్లీ మడుస్తుంది, చివరికి తాళ్లు మెలిపడతాయి. కాబట్టి తమ్ముడిది నేను మడిచేదాన్ని. అతని వెనక సీట్లో ఎగిరే చిన్న పైలట్‌ది అక్క మడిచేది.

మా కేంద్రంలో ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. విమానాలు నిలిపే పెద్ద షెడ్డుకు ఒక టెస్ట్ పైలట్ పేరు, ఇంజన్లు పరీక్షించే చోటుకు మరొకరిది, రాడార్ భవనానికి ఇంకొకరిది. ఆయనలో బల్బు మాడిందట, ఈయనలో పైకప్పు కారుతోందట అని ఆ భవనాల గురించి మనుషుల్లాగే మాట్లాడుకుంటాం. వాళ్లలో ఒక్కరూ బతికి లేరు. అందరూ విమానంతో పాటే పోయినవాళ్లు. ఇక్కడ ఒకరి పేరు గోడెక్కిందంటే ఆ మనిషి కిందికి దిగలేదని అర్థం.

కొత్తగా వచ్చిన డైరెక్టరుకు ఇదంతా ఎక్కడ పడుతుంది? నమూనా విమానాన్ని నిలబెట్టి గాలి తోలి పరీక్షించే గాలి సొరంగం భవనం అప్పుడే పూర్తయింది. బతికుండగానే మనుషుల్ని గౌరవించడం నేర్చుకుందాం అంటూ దానికి అక్క తమ్ముడి పేరు ప్రకటించాడు. మాట మంచిదే, కాదనను. కానీ బోర్డు అప్పుడే బిగించేసి పైన గుడ్డ కప్పారు. అతను కొత్త విమానాన్ని ఆఖరి పరీక్షకు తీసుకెళ్లి దిగి వచ్చాక, ఆ సాయంత్రమే ప్రారంభమట. ఏం తొందర ముంచుకొచ్చిందో!

బోర్డు చూసిన పొద్దున అక్క గదిలోకి వచ్చి బల్ల పట్టుకుని నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వాడి పేరు గోడకెక్కించారే."

"మంచిదేగా."

"వాడింకా ఎగరాల్సి ఉందే."

నాకూ అదే తోచింది. పైకి మాత్రం "బోర్డు విమానాన్ని కూలుస్తుందా, నీ చాదస్తం కాకపోతే" అని కసిరాను.

తమ్ముడికి చెప్పుకుంటే నవ్వేశాడు. "పోయాక పెడితే నేనెలా చూసుకుంటానక్కా?" అన్నాడు. ఆ మాటతో ఆమెకు ముద్ద దిగడం మానేసింది. చివరికి నన్ను తోడు పట్టుకుని డైరెక్టరు దగ్గరికే వెళ్లింది.

"ఆ పేరు తీయించండయ్యా."

"మీ తమ్ముడికి ఇది గౌరవం కదమ్మా."

"గౌరవం వద్దు, వాడుంటే చాలు నాకు. వేరే ఎవరి పేరైనా పెట్టుకోండి. ఎవరిదైనా సరే."

ఆయన ఆహ్వానాలు వెళ్లిపోయాయన్నాడు. మమ్మల్ని మర్యాదగానే బయటికి పంపాడు.

ఈ సంగతి ఎవరు మోశారో గానీ, నడుం పట్టీలు సరిచూసుకోవడానికి వచ్చిన చిన్న పైలట్ అక్కను ఆటపట్టించాడు. "మీ తమ్ముడికి వద్దయితే ఆ బోర్డు నాకిప్పించక్కా. మా అమ్మ రోజూ వచ్చి చూసుకుంటుంది."

"నోర్ముయ్యరా, అవేం మాటలు" అని అక్క అతని వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ చేత్తోనే పట్టీలు బిగించింది.

ఆఖరి పరీక్షకు ముందు నేను మడిచిన సంచి దగ్గరికి వచ్చింది. "ఒక్కసారి విప్పి చూడనీవే" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ కట్టుబాటు నాకు నేర్పిందే ఆమె. సంచిని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. అక్క నా పక్కనే చతికిలబడింది. "భయమేస్తోందే" అంది. నాకూ వేస్తోందని చెప్పకుండా సీలు మరోసారి తడిమి చూసుకున్నాను.

విమానం ఎగిరినప్పుడు ఇద్దరం గది వెనక ఆవరణలో నిలబడ్డాం. ఇంజన్ మోత ఉన్నట్టుండి తెగిపోయింది. పొగ కనపడింది. పొగలోంచి తెల్లటి గొడుగు ఒకటి విచ్చుకుంది. రెండోదాని కోసం కళ్లు కాయలు కాసేలా చూశాం. రాలేదు.

"నీదా, నాదా?" అంది అక్క.

అంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది? అన్నీ ఒకేలా ఉంటాయి.

"నీదే కావాలే" అని నా చెయ్యి ఎముకలు నలిగేలా పట్టుకుంది. నేనూ నాదే కావాలనుకున్నాను. ఆ కోరికకు అర్థమేమిటో అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

అది నాదే. తమ్ముడు కాలు విరిగి బతికి దిగాడు. వెనక సీటు మూత ఇరుక్కుపోయి తెరుచుకోలేదట. "నువ్వు దూకన్నా, నేనొస్తా" అన్నాడట చిన్న పైలట్. విమానం కూలిన చోట అక్క మడిచిన సంచి దొరికింది. సీలు సీలుగానే ఉంది.

బోర్డు మార్పించింది తమ్ముడే. కర్రల సాయంతో డైరెక్టరు గదిదాకా నడిచి, తన పేరు తీసేసి చిన్న పైలట్ పేరు పెట్టమన్నాడు. ఈసారి ఎవరూ కాదనలేదు.

బోర్డు మీది గుడ్డ తొలగించింది చిన్న పైలట్ తల్లి. తర్వాత మా గదికి వచ్చి, "మా వాడికి మడిచేది ఎవరమ్మా?" అని అడిగింది. అక్క ముందుకు వచ్చింది. ఆవిడ ఆ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "ఎప్పుడూ నీ సంగతే చెప్పేవాడు తల్లీ" అంది.

కొడుకు అన్నట్టే ఆవిడ రోజూ వస్తుంది. గాలి సొరంగం ఎదుటి అరుగు మీద కాసేపు కూర్చుని, వెళ్లేముందు మా గుమ్మంలో నిలబడుతుంది. ఆ చెప్పుల చప్పుడు వినపడితే అక్క చెయ్యి మడత మీదే ఆగిపోతుంది.

"ఎవరి పేరైనా సరే అన్నానే ఆ రోజు. ఆవిడకి తెలిస్తే?" అంటుంది నాతో.

"ఎవరు చెప్తారు? ఊరుకో" అంటాను. కానీ ఆవిడ గుమ్మంలో ఉన్నంతసేపూ నా వాగుడు కూడా బందవుతుంది.

ఆవిడ అడిగేది రోజూ ఒక్కటే. "మీ తమ్ముడు కులాసాగా ఉన్నాడా అమ్మా?"

"ఉన్నాడమ్మా" అంటుంది అక్క, తలెత్తకుండా.