ఇంట్లో అమ్మ ఉండాది

ఆ రోజుల్లో నాకు కాళ్ల మీద ఉన్న నమ్మకం తల మీద ఉండేది కాదు. ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం ఇంకా రాక, ‘తేరగా తింటున్నాడు’ అనే మాట మా నాయన నాలుక చివరిదాకా వచ్చి ఆగుతున్న కాలమది. ఏదో ఒకటి సాధించి చూపించాలని, ఉదయగిరి కొండ నుంచి పెంచలకోన దాకా కాలినడకన పోతానని ఇంట్లో ప్రకటించాను. "కాళ్లకు బలపం కట్టుకోని తిరిగితే ఉజ్జోగం వస్తాదిరా?" అన్నాడు నాయన. మూడోరోజుకు ఆత్మకూరు చేరి, మెస్సులో కడుపారా తిని, లాడ్జిలో ఒకరోజు పడుకొని, కావలసినవి కొనుక్కొని మళ్లీ బయల్దేరాలని నా పథకం. అది కుదరకపోతే బస్సెక్కి ఇంటికి పోవడమే. పోతే నాయన ఆపుకున్న మాట బయటికి వచ్చేస్తుంది.

మొదటిరోజే ఉదయగిరి కోట మెట్ల మీద జారి, తల వెనక దెబ్బ తగిలి, కాసేపు కళ్లు బైర్లు కమ్మాయి. లేచి దులుపుకొని నడిచాను (ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి). రెండోరోజు సాయంత్రానికి బిస్కెట్లు అయిపోయాయి, ఫోన్ చచ్చిపోయింది, మడమలు బొబ్బలెక్కాయి. ఒక పల్లె చివరింటి ముందు కూలబడి, రాత్రికి కాస్త చోటిమ్మని అక్కడున్న అవ్వను అడిగాను. "ఇంట్లో అమ్మ ఉండాది నాయనా, లోపలికి రాబాక. అరుగు మీద పడుకో" అంది. అవ్వకే డెబ్బై దాటి ఉంటాయి. ఆమెకు ఇంకా అమ్మ ఉందంటే ఆ పల్లె నీళ్లు ఎంత గొప్పవో అనుకున్నాను. పెద్దామెకు నా నమస్కారాలు చెప్పమని కూడా అన్నాను. అవ్వ నన్ను వింతగా చూసి, ఇంటి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

తెల్లారగానే అవ్వ నా మడమలకు పసుపు దట్టంగా పట్టించి, మిగిలింది పారెయ్యడం దేనికని పాదాలంతా పూసేసింది. బ్యాగుకు నాలుగు వేపమండలు గుచ్చింది. ఎండకు మంచిదేమో అనుకున్నాను. ఆఖరున, మూతికి పసుపుగుడ్డ కట్టిన చిన్న కొత్తకుండ తెచ్చి, నా తువ్వాలునే చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టింది. "పొలిమేర దాటిందాకా దించబాక. వెనక్కి తిరిగి చూడబాక" అంది. బరువు చూస్తే ఊరగాయలా ఉంది. ముక్కూ మొహం తెలియని నా మీద ఇంత ప్రేమా అని నా కళ్లు చెమర్చాయి. అయితే నెల్లూరు టౌన్లో పెరిగినవాడికి పొలిమేర ఎక్కడుంటుందో ఏం తెలుసు? అదేమన్నా మ్యాపులో చూపిస్తుందా? దించమన్నచోటు తెలియక మోస్తూనే పోయాను.

మొదటి ఊళ్లో నన్ను చూడగానే తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. ఒక ఇల్లాలు బిందెతో నీళ్లు తెచ్చి నా ముందు దారి మీద పోసి, తల వంచుకొని వెళ్లిపోయింది. రెండో ఊళ్లో అంగడాయన్ని టీ, బన్నూ అడిగితే షట్టరు సగం దించి, ఆ సగంలోంచే దణ్ణం పెట్టాడు. బస్టాపులో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచి వెనక్కి జరిగారు. గొర్రెలాయన్ని మంచినీళ్లు అడిగితే సీసా నేలమీద పెట్టి, నా వైపు చూడకుండా వెనక్కి నడుచుకుంటూ పోయాడు. మా జిల్లాలో కొత్తమనిషిని ‘ఎవురింటికి?’ అని అడక్కుండా వదిలిన దాఖలా లేదు. అలాంటిది ఆ పూటంతా నన్ను ఒక్కరూ పలకరించలేదు. నేను దాటిపోయేదాకా ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకున్నట్టే ఉంది.

అప్పుడు గుర్తొచ్చాయి కోట మెట్లు. ఆ దెబ్బకు నేను అక్కడే పోయానా? పోయిన సంగతి తెలియక ఇంకా నడుస్తున్నానా? దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయంటారు కదా అని కిందికి చూసుకున్నాను. ముందుకే ఉన్నాయి, కానీ అంత పచ్చటి పాదాలు బతికున్న మగవాడికి నేనెప్పుడూ చూడలేదు. నీడ కోసం వెతికాను. మిట్టమధ్యాహ్నం, నీడ కూడా భయపడి నా కాళ్ల కిందికి దూరింది. ఆత్మలన్నీ కూడే చోటు కాబట్టే ఆత్మకూరన్నారేమో అని అప్పుడు తోచింది. నాయన ఆ మాట అనకముందే పోయానే, పాపం, ఇక ఎవరిని అనాలని ఏడుస్తాడు అనుకొని, నడుస్తూనే వెక్కివెక్కి ఏడ్చాను (ఆకలి మాత్రం తగ్గలేదు).

ఆత్మకూరు శివార్లలో, గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్న ఒకామె కళ్లజోడు సర్దుకొని అడిగింది.

"ఏందబ్బాయ్, ఎవురింటికి?"

ప్రాణం లేచొచ్చింది. "నేను మీకు కనబడుతున్నానా అమ్మా?" అన్నాను.

"కనబడక? పసుపు కాళ్లు, వేపమండలు, నెత్తిన కుండ. అమ్మవారిని మోసుకోని బజార్లోకి పోతా ఉండావు."

ఆమె రిటైరైన టీచరమ్మ. మేం బాప్టిస్టులం, ఇవన్నీ పట్టించుకోం అంటూనే, కుండ మాత్రం గేటు బయట వేపచెట్టు కింద పెట్టించింది. అన్నం పెడుతూ విడమరిచి చెప్పింది. ఇంట్లో అమ్మ ఉండాదంటే అవ్వను కన్న తల్లి కాదట, ఆటలమ్మ పోసిందని అర్థమట. అమ్మవారిని కుండలో సాగనంపి పొలిమేరలో దించి వస్తారట. మోసేవాణ్ణి ఎవరూ పలకరించకూడదట. అవ్వ నన్ను నిలువునా మోసం చేసిందని నాకు ఒళ్లు మండింది. "కోపం పెట్టుకోబాక. ఇంట్లో బిడ్డ పడి ఉంటే ఎవురో ఒకరు మోయాల గదా. ఆ ముసలామెకు కాళ్లు యాడుండాయి?" అంది టీచరమ్మ. నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.

అనుకున్నట్టే ఆత్మకూరులో ఒకరోజు పడుకొని, పెంచలకోన దాకా నడిచాను. నాయన ఆ మాట అననే లేదు. రెండు వారాలకు నాకు ఒళ్లంతా పొక్కులు లేచాయి. చూడ్డానికి వచ్చిన స్నేహితుడితో మంచం మీదనుంచే, "ఇంట్లో అమ్మ ఉండాదిరా, లోపలికి రాబాక" అన్నాను. "అమ్మ ఉంటే మంచిదే గదరా, కాఫీ ఇస్తాది" అంటూ వాడు చెప్పులు విడిచి నేరుగా లోపలికి వచ్చేశాడు.

ఇప్పుడు మా అపార్టుమెంటు లిఫ్టులోకి నేనెక్కితే ఎవరూ అంగుళం జరగరు, ఎవరింటికని కూడా అడగరు. ఊళ్లకు ఊళ్లు చేతులు జోడించి దారి ఇచ్చిన ఆ పసుపుకాళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. అవ్వ ఇంట్లో పడి ఉన్న బిడ్డ ఎవరో నేను కనుక్కోనేలేదు. కానీ అవ్వ ఒక్క పొలిమేర దాటించమంటే, నేను ఆత్మకూరు దాకా ఉన్న ఊళ్లన్నీ దాటించాను. నయమయ్యే ఉంటుంది.