జొన్న పాతర నోట్లో దీపం

మా మనవరాలు సెలవుల్లో కంప్యూటరు ముందు కూర్చుని ఒక నగరం కడుతూ ఉంటుంది. ఆదోనిలో మా ఇంటి ముందుగది అంతా దాని రాజ్యమే. మొన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఆటలో వ్యవసాయం ఎట్లా సాగుతుందో పాఠం చెప్పింది. "పొలం యాడంటే ఆడ పెడితే పండదు తాతా. పచ్చగా కనపడే నేలలోనే పెట్టల్ల. దగ్గర్లో ఇండ్లు ఉండల్ల, లేకుంటే కూలీలు రారు." పంట కోతకొచ్చాక ఒక మనిషి బండి తోసుకుంటూ గిడ్డంగికి పోతాడు. గిడ్డంగి నుంచి అంగడికి, అంగడి నుంచి ఇండ్లకు గింజలు చేరతాయి. గిడ్డంగి నిండితే పొలంలో పని ఆగిపోతుంది, ఖాళీ అయితే జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఊరు విడిచిపోతారు. ఆ నగరంలో వాన కోసం ఎవరూ కప్పలకు పెళ్ళి చేయరు. ఆ ఒక్క సంగతికి ఆట తయారుచేసిన వాళ్ళను మనసులో మెచ్చుకున్నాను. "మరి గిడ్డంగి లోపలికి దిగి గింజలు తీసేదెవరు?" అని అడిగాను. "ఎవరూ దిగరు తాతా, అవే వస్తాయి" అంది. నాకు మా అక్క మెట్టినూరు గుర్తొచ్చింది.

డెబ్బైల నాటి మాట. మా అక్కను ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. అంతా నల్లరేగడి. అక్కడ జొన్నలను ఇంటి ముందర భూమిలోనే దాచేవారు. మనిషి దూరేంత నోరు, లోపలికి పోయేకొద్దీ కుండ కడుపులా వెడల్పు. గోడలకు గడ్డి పరిచి, గింజలు పోసి, నోటికి బండ పెట్టి మన్నుతో మెత్తేవారు. అదే పాతర. దాని మీద కుక్కలు పడుకునేవి, బండ్లు పోయేవి. పురుగు పట్టదు, దొంగకు కనపడదు. నిజంగా మెచ్చుకోవలసిన పనితనమే. కానీ మూసిన పాతరలో గింజలు కూడా ఊపిరి తీస్తాయి, లోపలి గాలి చెడిపోతుంది. అది కంటికి కనపడదు. అందులోకి దిగిన మనిషికి కేక వేయడానికైనా ఊపిరి అందదు. చుట్టుపక్కల ప్రతి పల్లెకూ పాతర మింగిన మనిషి కథ ఒకటి ఉండేది. అన్ని కథల్లోనూ కారణం అమ్మవారి కోపమే.

మనిషి దిగేముందు పాతరలోకి దీపం దించే ఆచారం అక్కడా ఉండేది. వెనకటి బుద్ధిమంతులెవరో గాలిని పరీక్షించడానికి పెట్టిన ఏర్పాటు అది. దీపం నిలిస్తే దిగవచ్చు, ఆరితే ఆగాలి. కాలం గడిచేకొద్దీ దానికి పసుపు అంటింది, కుంకుమ అంటింది, చివరికది పూజగా మారింది. పూజలో దీపం ఆరితే అపశకునం కదా! అందుకని అక్క అత్తగారు దీపాన్ని పాతర నోట్లో జానెడు లోతుకు దించి, అటూ ఇటూ తిప్పి, వెలుగుతుండగానే భద్రంగా పైకి తీసేది. ఆరకుండా తీయడమే నేర్పు. ప్రాణం కాపాడే పరీక్షను ఇట్లా దీపం ఎన్నటికీ ఆరని పరీక్షగా మార్చుకున్న జనం మీద నాకిప్పటికీ కోపమే.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. అక్క వాళ్ళ పాతరను అప్పటికే ఒకసారి తెరిచి, సగం గింజలు తీసుకుని మళ్ళీ మూశారు. ఎండలు ముదిరేసరికి ఇంట్లో సంగటికి పిండి లేదు. కాలేజీలో చదువుతూ, సభల్లో మూఢనమ్మకాల మీద గొంతు చించుకునే నేను అక్కను చూడ్డానికి పోయేసరికి, వాకిట్లో బావ వాళ్ళు పాతర బండ తొలగిస్తున్నారు. పుల్లటి వెచ్చని వాసన ముఖానికి కొట్టింది.

"ఈరోజు దిగొద్దు బావా. దీపం అడుగుదాకా దించి సూడండి" అన్నాను.

అక్క అత్తగారు కస్సుమంది. "అడుగుదాకా దించితే కొండెక్కుతాదప్పా. మా ఇంటి దీపం ఆర్పనీకి వచ్చినావా?"

"ఆరుతాదో లేదో సూడనీకే గదవ్వా దించేది!"

బావ నవ్వినాడు. "ఏం బామ్మర్దీ, ఆదోనిలో మైకు ముందర అరిసింది సాల్లేదా? పాతరకు గూడా ఉపన్యాసమా? మొన్ననే గదా తెరిసింది, దీంట్లో ఏముంటాది?"

ఆ మొన్నకు నెలలు గడిచాయి. నా వాదనంతటికీ దక్కిన ఫలితం ఒక్కటే, నడుముకు తాడు. పక్కింటి దూదేకుల మామ తన బావి మోకు తెచ్చి, "కట్టుకోప్పా, ఈ పిల్లోడు నోరన్నా మూస్తాడు" అన్నాడు. మామా నేనూ మోకు పట్టుకున్నాం. బావ దిగినాడు.

దిగుతూనే మాట్లాడుతున్నాడు. "సల్లగుందిలే... కాదు, ఉడకగుంది... గంప ఇడు..." అంతే. మాట సగంలో ఆగింది.

"ఏమప్పా?" అంది అక్క. నా చేతుల్లో మోకు ఒక్కసారి బరువెక్కింది. మేమిద్దరం లాగాం. పాతర మెడ దగ్గర బావ భుజం తట్టుకుని మనిషి కదల్లేదు. అక్క పాతర నోట్లో కాలు పెట్టేసింది. దిగితే ఆమె కూడా రాదని నాకు తెలుసు, చెప్పడానికి నోరు రాలేదు. సభల్లో నేర్చిన మాటలన్నీ ఎటు పోయాయో! మామే అరిచాడు: "యాడికి పోతాండావమ్మా? ఈడికొచ్చి మోకు పట్టు!" ఆమె బరువు కూడా కలిశాక మోకు కొంచెం వదిలి, మళ్ళీ గుంజాం. భుజం తిరిగింది. తల కనపడింది. పెదాలు నల్లబడ్డాయి, రెప్పల మీద జొన్న దుమ్ము. నేల మీద పడుకోబెడితే కదలిక లేదు. అక్క అతని చెంపలు వాయిస్తూనే ఉంది. చాలాసేపటికి ఒక దగ్గు వినపడింది.

ఆ సాయంత్రం ఎవరూ అడగకుండానే అక్క అత్తగారు దీపాన్ని తాడుకు కట్టి అడుగుదాకా వదిలింది. దారిలోనే ఆరిపోయింది. "అమ్మ ఇంకా శాంతించలేదు. రేపు సూద్దాం" అంది. గాలి గురించి నా దగ్గర పెద్ద ఉపన్యాసం ఉంది. మింగేశాను. నేను వాదించి ఆపలేని మనుషులను ఆమె ఒక్క మాటతో ఆపింది. అయినా ఆ 'అమ్మ' అన్న మాట నాకీనాటికీ గొంతులో ముల్లే.

రాత్రంతా పాతర నోరు తెరిచే ఉంచారు, మర్నాడు దీపం అడుగున నిలిచింది. ఈసారి దిగింది నేను. మోకు కట్టుకున్నాను, కింద వెలుగు కనపడుతోంది, లెక్క ప్రకారం భయం అక్కర్లేదు. అయినా రెండుసార్లు కాలు లోపల పెట్టి వెనక్కి తీసుకున్నాను. పైనుంచి అక్క, "మాట్లాడ్రా, నిలపొద్దు, మాట్లాడతానే ఉండు" అని ఏడుస్తోంది. గంపలు నింపుతూ గొంతు పోయేలా ఏదేదో అరిచాను. అందులో ఒక్క మాటా గుర్తు లేదు.

ఎనభైల్లో గోనెసంచులు, గింజలకు పురుగు పట్టకుండా పెట్టే మందు బిళ్ళలు వచ్చాక ఆ పల్లెలో పాతరలన్నీ మన్ను పోసి పూడ్చేశారు. బావ మాట ఆగిన ఆ కాసేపు మాత్రం, మీద ఇన్నేళ్ళు పోసినా పూడలేదు.