కీలుకు పెట్టిన బొట్టు

మొన్న మా గేటు కీచుమంటోందని ఎదురింటావిడ కొబ్బరినూనె తెచ్చి కీళ్లలో నాలుగు చుక్కలు వేసి, "ఇంక అరవదు చూడక్కా" అంది. సూళ్లూరుపేట ఉప్పుగాలికి ఆ నూనె ఎన్నాళ్లుంటుందో నాకు తెలుసు. ఆవిడ మీద కోపం లేదు. కీలు కనబడితే చాలు, మా బావ గుర్తొస్తాడు. కోపమంతా ఆయన మీదే.

మా అక్క భర్త ఆయన. రైలు గేటు దగ్గర ఆయనకో చిన్న వర్క్‌షాపు ఉండేది. ఉపగ్రహాల్లోకి వెళ్లే చిన్నచిన్న భాగాలు చేసేవాళ్లం. చదువుకున్న మరదలినని పూతల పని నాకప్పగించాడు. అంతరిక్షంలో నూనె నిలవదు, ఆవిరైపోతుంది. అందుకని కీళ్లకు మాలిబ్డినం పొడిపూత వేస్తాం. పెన్సిల్ గీతలా నల్లగా, నున్నగా, కంటికి ఆనని మందంలో ఉంటుంది. గాలే లేనిచోట ఏళ్ల తరబడి అరగదు. మన పులికాట్ తేమలో ఆడించామా, ఇట్టే పాడైపోతుంది. అందుకే తేమ చొరబడని గాజుపెట్టెలో పెట్టి, ఎవరినీ దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

ఉపగ్రహం సౌరఫలకాన్ని విప్పే కీలు ఒకటి, మొదటినుంచీ చివరిదాకా నేనొక్కదాన్నే చేసిన మొదటి పని. అది పరీక్షలో నెగ్గితే పూతల విభాగం నాదేనన్నాడు బావ. పరీక్షకు పంపేరోజు ముసురు పట్టింది. నేను టిఫిన్ తిని వచ్చేసరికి పెట్టె తెరిచి ఉంది. కీలు పీట మీదుంది, పసుపు రాసి, కుంకుమ పెట్టి. బావ పిలిచిన పెద్దమనుషులు ఒక్కొక్కరూ దాన్ని తెరిచీ మూసీ ముచ్చటపడుతున్నారు. ఒకాయన వేళ్లకింకా పులిహోర మెతుకులున్నాయి. నా ఒళ్లు మండిపోయింది.

"ఇది పంపడానికి లేదు బావా. మళ్లీ పూత వెయ్యాలి" అన్నాను.

"ఏందమ్మాయ్ నీ గోల! బొట్టు పెట్టకుండా ఏ సామానన్నా మన గడప దాటిందా? తుడిచినా గదా, ఏం కాదులే."

పంపేశాడు. పరీక్షలో కీలు బిగుసుకుపోయింది. ఎందుకిలా అయిందని అడగడానికొచ్చిన అంతరిక్ష కేంద్రం అధికారి ముందు బావ తడుముకోకుండా, "మా మరదలు ఇంకా నేర్చుకుంటా ఉండాది సార్, పూత సరిగా పడలా" అన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. బొట్టు పెడితే కీలు బిగుసుకుంటుందా అని అందరూ నవ్వారు. బావ ఇంకొంచెం గట్టిగా నవ్వాడు. పూతల పని ఆయన స్నేహితుడి అల్లుడికి పోయింది.

ఇప్పటికీ బావ మా ఇంటికొస్తాడు. కాఫీ ఇస్తాను, నవ్వుతూనే మాట్లాడతాను. "ఎన్నాళ్లయిందే, ఇంకా మనసులో పెట్టుకోని ఉండావా?" అంటుంది అక్క. పెట్టుకున్నాను. ఏ గాలీ తగలనిచోట భద్రంగా పెట్టుకున్నాను. అందుకే ఇన్నేళ్లయినా అది ఇసుమంత కూడా అరగలేదు.