తెగిన చేతిని చల్లగా ఉంచిన మధ్యాహ్నం

దేశ రాజధానిలోని జియా సరాయ్‌లో నేనూ, వరంగల్ నుంచి వచ్చి సివిల్స్‌కి చదువుతున్న ఒక అమ్మాయీ ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాది కండరాల మీద పరిశోధన. కదలకుండా ఉన్న కండరానికీ శక్తి కావాలి. ఆక్సిజన్ అందకపోతే, అది తనలో దాచుకున్న చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చుకుంటూ నెట్టుకొస్తుంది. వెచ్చగా ఉంటే ఆ నిల్వ త్వరగా అయిపోతుంది, చల్లగా ఉంటే నిదానంగా ఖర్చవుతుంది. ఆమ్లం పేరుకునేకొద్దీ ఆ ఖర్చు కూడా మందగిస్తుంది. అలా మందగించడం కండరాన్ని కాపాడుతుందా, పాడుచేస్తుందా అని ఎలుకల కండరాల్లో చూసేదాన్ని.

"పని చెయ్యని కండల మీద ఇంత పని చేస్తున్నవా!" అని నా స్నేహితురాలు నవ్వేది.

మే నెలలో ఒక మధ్యాహ్నం, కింది అంతస్తులో తలుపులు బిగిస్తున్న వడ్రంగి చేతిని కరెంటు రంపం కోసేసింది. కేక విని ఇద్దరం పరిగెత్తాం. అరచెయ్యి మధ్యకు తెగి, నాలుగు వేళ్ళున్న ముక్క రంపపు పొట్టులో పడి ఉంది. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నా స్నేహితురాలు చున్నీ మడిచి గాయం మీద అదిమి, ఆ చెయ్యి పైకెత్తి పట్టుకుంది. అతనితోనే పని చేస్తున్న వాళ్ళన్న, జ్యూస్ దుకాణం నుంచి ఐసు బకెట్ తెచ్చి, ముక్కను అందులో వేయబోయాడు.

"రుకియే భయ్యా! సీధా బరఫ్ మే నహీ!" అని అరిచాను.

ఐసు నేరుగా తగిలితే కండ గడ్డకట్టి పాడవుతుంది. ఉతికిన తువ్వాలు తడిపి, పిండి, ముక్కను చుట్టాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి బిగించి, ఆ కవరును ఐసు నీళ్ళలో ఉంచాను.

"ఇగ అతుకుతదా?" అంది నా స్నేహితురాలు.

"తెలీదు. ఇప్పుడైతే చల్లగా ఉంచడమే మన చేతిలో ఉంది."

ఆటోలో బకెట్ నా ఒళ్ళో ఉంది. అది బతికే ఉందా అని అన్న మాటిమాటికీ అడుగుతున్నాడు, "దీదీ, యే జిందా హై న?"

"అభీ హై," అన్నాను. అది అబద్ధం కాదు. ఆ కవర్లోని కండ ఇంకా చక్కెరను ఖర్చు పెట్టుకుంటూనే ఉంది.

ఆసుపత్రిలో సర్జన్ ఎప్పుడు తెగింది, ఎలా ఉంచారు అని రెండే ప్రశ్నలు వేశాడు. "వేళ్ళలో కండ ఉండదు, కాబట్టి అవి ఎక్కువసేపు పాడవకుండా ఆగుతాయి. అరచేతిలోని కండతోనే నా భయం," అన్నాడు. ఆపరేషన్ చాలాసేపు సాగింది. సర్జన్ బయటికొచ్చి, వేళ్ళకి రక్తం ఎక్కిందని చెప్పాక అన్న నేలమీద కూలబడి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. విపరీతంగా ఆకలేసింది.

చెయ్యి మొత్తంగా మునుపటిలా కాలేదు. చూపుడు వేలూ మధ్య వేలూ వంగుతాయి, చిటికెన వేలు బిగుసుకుపోయింది. చలికాలంలో ఒకసారి ఆ వడ్రంగి మెట్ల దగ్గర కనిపించి, చలికి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, ఎందుకని అడిగాడు. నరాల సంగతి నాకు తెలియదని, డాక్టర్నే అడగమని చెప్పాను. ఇప్పుడు రంపం పని వాళ్ళన్న చేస్తాడు. కొలతలు తీసి గీతలు గీసేది ఇతనే.